రెండుగా విడిపోని వెలుగు

మా పెద్దమ్మకు పనిచేసే కన్ను ఒక్కటే, ఎడమది. కుడి కన్నును చిన్నతనంలోనే మశూచి తీసుకుపోయింది. మిగిలిన ఆ ఒక్క కన్నుతోనే ఆమె మిషన్ దవాఖానాలో ఆయాగా పనిచేసింది, ఎన్నో కాన్పులు చూసింది. ఇప్పుడు ఇచ్చోడ నుంచి కొంచెం లోపలికి, పాత మిషన్ కాంపౌండులో రెండు గదుల రాతి ఇంట్లో ఉంటోంది. ఆ కన్ను కూడా పోయే గతి ఎలా పట్టిందో, దాన్ని కాపాడుకోవడానికి ఒప్పుకోక ఆమె ఎందుకు మొండికేసిందో, మధ్యలో నేను పెంచిన ఒక స్ఫటికం ఏం చేసిందో చెప్తాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు వెన్నులో చలి పుడుతుంది గనుక, పట్టపగలు వరండాలో కూర్చుని రాస్తున్నాను.

నేను కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్తాను. పాఠాలు చెప్పడం పొట్టకూటికి. నా అసలు పిచ్చి వేరు. కాంతిని రెండుగా చీల్చే స్ఫటికాలను ఊహించి, పెంచి, పరీక్షించడం. కాగితం మీద ఒక చుక్క పెట్టి దాని మీద కాల్సైట్ ముక్క పెడితే రెండు చుక్కలు కనిపిస్తాయి. ముక్కను అక్కడికక్కడే తిప్పితే ఒక చుక్క ఉన్నచోటే ఉంటుంది, రెండోది దాని చుట్టూ తిరుగుతుంది. నిలిచినదాన్ని సాధారణ కిరణమనీ, తిరిగేదాన్ని అసాధారణ కిరణమనీ పుస్తకాల్లో రాశారు. మొదటి ఏడాది పిల్లలకు ఇది చూపించినప్పుడల్లా వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు "మేడం, దయ్యం" అంటారు. క్లాసంతా నవ్వుతుంది, నేనూ నవ్వుతాను.

చీలిన ఆ రెండు కిరణాల్లో ఒకటి నిలువుగా ఊగితే రెండోది అడ్డంగా ఊగుతుంది. ఒకదాన్ని పక్కకు తప్పించామంటే మిగిలేది ఒకే దిశలో ఊగే కాంతి. దాన్ని ధ్రువణం అంటారు. కంటికి కనిపించే వెలుగుకైతే ఈ పని కాల్సైట్ చక్కగా చేసిపెడుతుంది. కంటికి కనిపించని అతినీలలోహితంలో లోపలికి పోయేకొద్దీ అది వెలుగును మింగేయడం మొదలుపెడుతుంది. అక్కడికి కొత్త రాయి కావాలి. అలాంటి రాయిని ముందు లెక్కల్లో కట్టి, తర్వాత నీళ్లలో పుట్టించాలని నా ఆరాటం.

లెక్క చెప్పడానికి తేలికే. అణువుల్లో కొన్ని గుంపులు అప్పడాల్లా చదునుగా ఉంటాయి. అవన్నీ అప్పడాల దొంతరలా ఒకదాని మీద ఒకటి సమంగా పరుచుకుంటే కాంతి బాగా చీలుతుంది. వాటిలో కొన్ని వాలుగా కూర్చున్నాయంటే పడిన శ్రమంతా వృథా. పోనీ, బాగా చీల్చే గుంపుల్నే ఏరి పెడదామంటే, అవి అతినీలలోహితాన్ని దాటనివ్వవు. దాటనిచ్చేవి సరిగా చీల్చవు. ఈ రెంటికీ రాజీ కుదర్చడంలో నాకు తలప్రాణం తోకకొచ్చేది. కంప్యూటర్ సరేనన్నదాన్ని నీళ్లు ఒప్పుకోవు. బీకరులో కరిగించి పెడితే పొడిగానో, పెంకుల్లానో, ముళ్లలానో దిగి వెక్కిరిస్తాయి.

దానికి తోడు మా కాలేజీ ముందు నుంచి గ్రానైట్ లారీలు పోతాయి. కొండంత రాళ్లు వేసుకుని ఒక్కొక్కటి పోతుంటే ప్రయోగశాల బల్ల మీది గాజు సామానంతా గలగలమంటుంది. స్ఫటికానికి ఆ కుదుపు పనికిరాదు. పెరుగుతున్నది ఒకటుంటే పక్కన పది పుట్టుకొచ్చి దాని తిండి తినేస్తాయి. అందుకే ఆ చలికాలం నా బీకర్లను తువ్వాళ్లలో చుట్టుకుని ఇచ్చోడ బస్సెక్కాను. ఆదిలాబాద్ చలి సంగతి వేరే చెప్పక్కర్లేదు. పెద్దమ్మ ఇంటి గోడలు మూరెడు మందం. వెనక సామాను గదిలో చలి కదలకుండా కూర్చుంటుంది, లారీ చప్పుడు చెవిన పడదు. సెలవులు పెట్టుకున్నాను, పెద్దమ్మ గది ఖాళీ చేసిచ్చింది.

ఆ గదిలోనే మా అవ్వ పోయింది. అవ్వ అంటే మా అమ్మ, పెద్దమ్మకు సొంత చెల్లెలు. అక్కను చూసి పోదామని వానాకాలంలో వచ్చి, జ్వరం తగిలి మంచాన పడింది. వాగులు పొంగి బస్సులు ఆగిపోయాయి. నేను చేరేసరికి సమాధుల తోటలో తడిమట్టి మాత్రమే కనిపించింది. ఆఖరి చూపు దక్కలేదు. అందుకు ఎవరినీ అనడానికి లేదు గానీ, ఆ బాధ నాలో ఎక్కడో గట్టిగా పేరుకుపోయింది.

విత్తనంలాంటి చిన్న స్ఫటికాన్ని ద్రావణంలో వేలాడదీస్తే దాని మీదే మిగతాది పెరుగుతుంది. నా నైలాన్ దారం మొండిగా ఉండి ముడి నిలవలేదు. పాతకాలం వాళ్లు వెంట్రుక వాడేవాళ్లని చదివాను, నాదేమో కత్తిరించుకున్న జుట్టు. పెద్దమ్మ తన పెట్టె తీసి ఒక సవరం పట్టుకొచ్చింది. "మీ అవ్వది. రాలిన ఎంటికలన్ని దాస్కొని కట్టుకున్నది," అంది. ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. అయినా అందులోంచి ఒక పొడుగాటి వెంట్రుక లాగాను. ముడి చక్కగా నిలిచింది. అన్ని బీకర్లలోకీ ఆ ఒక్కదానిలోనే, వెంట్రుక చివర, నీటి బొట్టులాంటి పారదర్శకమైన రాయి పెరిగింది.

పరీక్ష పెట్టిన రోజు మధ్యాహ్నం కిటికీకి గొంగళ్లు కట్టి గది చీకటి చేశాను. నా దీపం అగ్గిపెట్టెంత ఉంటుంది. దాని ముందున్న నల్లటి గాజు కనిపించే వెలుగునంతా ఆపేసి అతినీలలోహితాన్ని మాత్రం వదులుతుంది. దాని ఎదుట సూదితో బెజ్జం పొడిచిన నల్ల అట్ట పెట్టాను, వెనక కొలిచే మీటరు. కళ్లకు రక్షణ అద్దాలు తగిలించుకున్నాను. మీటరులో ముల్లు కదిలితే వెలుగు ఉన్నట్టు. కంటికి మాత్రం అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు.

పెద్దమ్మ చాయ్ తెచ్చింది. చాయ్ ఆవిరికి ఆమె సోడాబుడ్డి కళ్లద్దాలు మసకబారితే తీసి కొంగుతో తుడుచుకుంటూ నిలబడింది.

"గీ సుక్క ఏంది బిడ్డా? తెల్లగ, జర నీలంగ?" అంది.

"ఏ చుక్క పెద్దమ్మా?"

"గదే, గా నల్ల అట్టల. సూది బెజ్జమంత."

"అక్కడేం లేదు. నీకే కాదు, ఎవరికీ కనపడదు," అన్నాను, మేడం గొంతుతో.

నాకే ఎందుకో తోచి, చీకట్లో చప్పుడు కాకుండా బెజ్జానికి అరచెయ్యి అడ్డం పెట్టాను. "పోయింది," అంది వెంటనే. చెయ్యి తీశాను. "వచ్చింది." మళ్లీ పెట్టాను. "ఏంది బిడ్డా, నాతోని దాగుడుమూతలాడుతున్నవా?" అని నవ్వింది. రక్షణ అద్దాలు తీసి నేనూ ఒక్క క్షణం చూశాను. చీకటే.

చాయ్ చల్లారిపోయింది. నేను దీపం ఆర్పేసి వచ్చి వంటింట్లో ఆమె ఎదుట కూర్చున్నాను. ఆ సాయంత్రం దాకా నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మా ఇంటిల్లిపాదినీ పట్టుకుని తిట్టాలనిపించింది, నాతో కలిపి.

సంగతేమిటంటే, పెద్దమ్మకు నలభై దాటకముందే ఆ కంట్లో శుక్లం వచ్చింది. ఆదిలాబాద్ వైపు దాన్ని మరాఠీ వాళ్లలాగా మోతిబిందు అంటారు. ఏదో క్యాంపులో ఆపరేషన్ చేశారు. అప్పటి నుంచీ ఆమెది ఒకటే పాట: "మోతిబిందు తీసిండ్రు గని అద్దం పెట్టలే." మా దగ్గర కళ్లజోడును అద్దాలంటారు. ఉచితంగా ఇస్తామన్న కళ్లజోడు ఇవ్వలేదని ఆమె బాధ కాబోలు అనుకున్నాం. అందుకే ఆమె ఆ మాట ఎత్తగానే "మరి ముక్కు మీదున్నదేంది, పీటనా?" అని అందరం నవ్వేవాళ్లం. అవ్వ కూడా నవ్వేది. పెద్దమ్మ మూతి తిప్పుకుని పోయేది. ఆమె చెప్పింది కళ్లజోడు గురించి కాదు. కంటి లోపలి అద్దం గురించి. శుక్లంతో పాటు కంట్లోని కటకాన్నే తీసేసి, దాని బదులు ఇంకొకటి పెట్టకుండా వదిలేశారు. అప్పటి క్యాంపుల్లో అలాగే చేసేవాళ్లు. మనందరి కళ్లలో అతినీలలోహితాన్ని ఆపేది ఆ కటకమే. ఆమె కంటికి తలుపే లేదు.

"ఆపరేషన్ అయినంక లోకం ఎట్లున్నది పెద్దమ్మా?" అని అడిగాను.

"అన్నిటి మీద సన్నగ తెల్ల పొగ. పొద్దుగాల ఆకాశం మీద మస్తు ఉంటది. నర్సమ్మలకు చెప్పిన. అలవాటైతది తియ్ అన్నరు. ఇంక ఎవ్వలకు చెప్పలే."

ఎవరూ చూడని లోకాన్ని ఇన్నేళ్లు చూస్తూ, చెప్పుకునే దిక్కులేక మా వెక్కిరింతలు భరించింది.

మర్నాడు వెంట్రుక చివరి రాయిని తెంపి, సానపట్టి, బెజ్జం మీద అమర్చాను. దీపం వెలిగించి పెద్దమ్మను కళ్లజోడు తీసి చూడమన్నాను. ఆమె కంటికి హాని కాకుండా దీపాన్ని బాగా తగ్గించి, రెప్పపాటు సేపే చూపించాను.

"అవ్వో, రెండైనయి!"

రాయిని మెల్లగా తిప్పాను.

"ఒకటి నిలవడ్డది. ఇంకోటి దాని సుట్టు తిరుగుతున్నది."

సంతోషంతో ఆమెను కావలించుకున్నాను. లెక్కల్లో కట్టిన రాయి నిజంగానే పనిచేసింది. మీటరు ముల్లును నమ్ముకుని బతికే మనిషిని నేను. నా రాయి చేసే పనిని కంటితో చూసిన మొదటి మనిషి మా పెద్దమ్మ. నేను ఎప్పటికీ చూడలేను గదా అని కొంచెం కుళ్లు కూడా పుట్టింది.

దీపం ఆర్పాను. గొంగళ్లు తీయబోతుంటే ఆమె నా మోచెయ్యి పట్టుకుంది.

"జర ఆగు. గా దీపం సంగతి నాకు సమజైంది. నువ్వు దీపం ఆర్పినంక వచ్చేది మీ అవ్వ."

ఆమె మామూలుగా, పాలవాడు వచ్చాడని చెప్పినట్టు చెప్పింది. కొన్నాళ్లుగా వస్తోందట. చీకటైతే చాలట. ముఖం తిప్పినప్పుడు పక్కన, చెవి వైపు, తెల్లటి చీర కట్టుకున్న మనిషిలా నిలువుగా నిలబడి తళుక్కున పోతుందట. మాట్లాడదట. "మీ అవ్వ ఎంటికతోని రాయిని పెంచినవ్. మల్ల రాకుంటే ఏం జేస్తది?" అంది.

ఈ సంగతి కాంపౌండులో అప్పటికే తెలుసు. పక్కింటావిడ గాలి సోకిందని నిశ్చయించింది. చర్చి నుంచి అయ్యగారు వచ్చి గదిలో ప్రార్థన చేశారట. ఆయన కళ్లు మూసుకుని సాతానును గద్దిస్తుంటే పెద్దమ్మ మధ్యలో అందుకుని "అయ్యగారూ, మా చెల్లెను గట్ల తిట్టకుండ్రి" అందట. ఆయన ప్రార్థన ముగించి చాయ్ తాగి వెళ్లిపోయారు. ఇదంతా విని నేను చిరాకుపడ్డాను. చదువుకున్నదాన్ని కదా, కొట్టిపారేయడం నాకు చేతనవును. కానీ ఆ చిరాకు అడుగున ఉన్నది వేరు. వస్తే నా దగ్గరికి రావాలి గదా. ఆఖరి చూపు దక్కనిది నాకు. గదిలో రోజంతా కూర్చుంటున్నది నేను. పక్కన నిలబడితే నాకెందుకు కనపడదు?

"వచ్చినప్పుడు చెప్పు," అన్నాను. దీపం తీగ పీకేశాను. ఇద్దరం చీకట్లో కూర్చున్నాం. గోడల చలి మెడ మీదికి పాకింది. ఎక్కడో కోడి కూసింది.

"వచ్చింది," అంది పెద్దమ్మ.

రాయిని బెజ్జం మీది నుంచి తీసి ఆమె చేతికిచ్చాను. కంటి ముందు పెట్టుకోమన్నాను. బయటి నుంచి వచ్చే వెలుగు ఏదైనా కానీ, ఆ రాయి గుండా వస్తే రాయికి లోబడాలి. "ఎన్ని?"

"ఒక్కతే."

"రాయిని తిప్పు." ముందే ఒక దిశలో ఊగే వెలుగైతే ఒక్కటే కనపడొచ్చు. తిప్పితే మాత్రం దాని బండారం బయటపడుతుంది.

"తిప్పుతున్న. ఒక్కతే ఉన్నది. రాయిని తిప్పినా కదుల్తలేదు. రాయి పక్కకు తీసినా గట్లనే ఉన్నది. కన్ను మూస్తే గూడ ఉన్నది, బిడ్డా."

ఆఖరి మాటతో నా గుండె గుభేలుమంది. దయ్యానికి నేను భయపడను. రాయికి లోబడని వెలుగు రాయి అవతల లేదు. ఇవతలే ఉంది. కంట్లోనే పుడుతోంది. కటకం తీసేసిన కళ్లలో వెనకనున్న పొర చిరిగే ప్రమాదం ఎక్కువని, చిరిగే ముందు ఇలాగే పక్కన మెరుపులు కనిపిస్తాయని ఎక్కడో చదివిన గుర్తు. ఉన్న ఒక్క కన్నూ చిరిగిపోతోంది, ఆమె దాన్ని చెల్లెలు అనుకుంటోంది.

పొద్దునే ఆమెను బస్సెక్కించాను. నిర్మల్ మీదుగా జగిత్యాల, అక్కడి నుంచి కరీంనగర్. కిటికీ పక్కన కూర్చుని గోదారి దాటేటప్పుడు చేతులు జోడించింది. "గోదారికి మొక్కుతున్నవా? అయ్యగారు చూస్తే ఊకుంటడా?" అని ఆటపట్టించాను. "నీళ్లకు మొక్కితే తప్పేంది," అంది. నేను నవ్వుతున్నాను గానీ చేతులు చల్లబడి ఉన్నాయి.

కంటి డాక్టరు మందు వేసి, లోపలికి వెలుగు కొట్టి చాలాసేపు చూశాడు. "పొర ఒక మూల చిరుగు పట్టింది. ఇప్పుడైతే లేజర్‌తో అతికించేస్తా. ఆలస్యం చేస్తే మొత్తం ఊడి వస్తుంది, ఇక చూపు రాదు," అన్నాడు. ఎందుకైనా మంచిదని నా దీపం గురించి చెప్పాను. అది కారణం కాదన్నాడు. ఆపరేషన్ నాటి నుంచీ ఈ భయం ఉన్నదేనన్నాడు.

"అతుకేస్తే గా మెరుపు పోతదా, సార్?" అని పెద్దమ్మ అడిగింది.

"పోతుందమ్మా. దాని కోసమే కదా."

"అయితే వద్దు," అని లేచి నిలబడింది.

బయట కారిడార్లో ఆమె మీద అరిచాను. గుడ్డిదానివై ఆ రాతి ఇంట్లో గోడలు తడుముకుంటావా, పొయ్యి ఎట్ల ముట్టిస్తవు, నిన్నెవరు చూస్తరు అని నోటికొచ్చినట్టు అన్నాను. అందరూ చూశారు. ఆమె తన సంచి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది.

"కన్ను పోతే పోనీ. అది దినాం వస్తున్నది. నేనే ఎల్లగొట్టాల్నా?"

అది అవ్వ కాదని, చిరిగిన పొర అని చెప్పాను. చెప్తుంటే నాకే ఏడుపొచ్చింది. అవ్వ పోయిన నాడు రాని ఏడుపు, ముక్కూ మొహం ఏకమయ్యేలా. నిజానికి నేను కూడా ఆ మెరుపును పోగొట్టుకుంటున్నాను. నమ్మని దాన్ని కూడా పోగొట్టుకోవచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. పెద్దమ్మ తన కొంగుతో నా ముక్కు తుడిచింది, చిన్నప్పటిలాగే.

కాసేపటికి తనే అడిగింది. "నీ రాయి సంగతి సక్కగ చెప్పు. రెండైతే ఏంది, ఒక్కటైతే ఏంది?"

"రెండైతే అది బయట ఉన్నట్టు. ఒక్కటే ఉండి, రాయితో కదలకపోతే నీ కంట్లో ఉన్నట్టు."

"అంటే గిప్పుడు నా చెల్లె నా కంట్ల ఉన్నది."

"నీ కంట్లో చిరుగు ఉన్నది."

"సరే, చిరుగే అనుకో. అది కుట్టినంక మల్ల కనవడి, నీ రాయిల రెండైందనుకో. అప్పుడేమంటవ్?"

నేను ఆలోచించాను. తప్పించుకోవడానికి దారి లేదు. నా విద్య నాకు ఇంకో జవాబు మిగల్చలేదు. "అప్పుడు అది బయట ఉన్నదంటాను," అన్నాను.

"మాటనా?"

"మాటే."

"అయితే పా. డాక్టర్‌ను పిలువు," అని లేచింది. లేజర్ కొట్టేటప్పుడు అరచేతిలో నా వేళ్లు నలిగిపోయేలా పట్టుకుంది, చూపు మాత్రం డాక్టర్ చెప్పిన చోటి నుంచి కదల్చలేదు.

కన్ను నిలిచింది. మళ్లీ చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరు అతుకు గట్టిగా పట్టిందన్నాడు. నా ఇంట్లో ఉన్నన్నాళ్లూ రోజూ చీకటి గదిలో కూర్చుని వచ్చేది. "లేదు," అనేది. ఇంకేమీ అనేది కాదు. అన్నం సగమే తినేది. ఆమె కన్ను కాపాడానని సంతోషించాల్సిన దాన్ని, ఆ "లేదు" వినపడినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది.

చలి విరిగాక ఆమెను ఇచ్చోడలో దింపడానికి వెళ్లాను. నా సామానంతా సర్దుకుని తెచ్చుకోవాలి కూడా. బీకర్లు కడిగేశాక, ఆఖరిసారి రాయిని చూసుకుందామని మధ్యాహ్నం గొంగళ్లు కట్టాను. కిటికీ సందుల్లో గుడ్డపేలికలు కుక్కాను. తలుపు కింద గోనెసంచి పెట్టాను. దీపం తగ్గించి వెలిగించాను.

"రెండు," అంది పెద్దమ్మ. రాయి ఎప్పటిలాగే పనిచేస్తోంది.

దీపం ఆర్పి, తీగ పీకి, దాన్ని ముందు గదిలో పెట్టి వచ్చాను. ఎందుకు పెట్టి వచ్చానో అడిగితే చెప్పలేను. మళ్లీ గోనెసంచి సర్ది, అట్ట దగ్గర తడుముకుంటూ కూర్చున్నాను. కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. ఆమె ఊపిరి వినిపిస్తోంది. కాసేపటికి ఆ ఊపిరి ఆగినట్టయింది.

"ఏమైంది?"

"వచ్చింది."

"పక్కనా?"

"పక్కన గాదు. ఎదురుంగ. నీ రాయిలనే."

అడిగాను. "ఒక్కటా, రెండా?"

"రెండు," అంది.

అబద్ధం చెప్తోందనుకున్నాను. ఏ జవాబుకు ఏ అర్థమో ఆమెకు నేనే చెప్పాను గదా. కారిడార్లో నా ఏడుపు చూసింది. నా కోసం రెండు అంటోంది. ఆ ప్రేమకు ఏం చేయాలో తోచక, ఊరికే ఉండలేక, రాయి మీద వేలు ఆన్చి మెల్లగా తిప్పాను. తిప్పుతానని చెప్పలేదు. చప్పుడు కాలేదు. నా చెయ్యి నాకే కనపడని చీకటి.

"తిప్పకు బిడ్డా," అంది పెద్దమ్మ. "మీ అవ్వ పరేషాన్ అయితున్నది."

వేలు ఆగిపోయింది. ఎవరూ కదల్లేదు.

"అవ్వా," అన్నాను. ఆ చీకట్లో ఎటు తిరిగి పిలవాలో నాకు తెలియలేదు.